‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అంటే మా దవాఖానాలో డాక్టరు ఉన్నట్టేనా?

పాకాల_నీళ్లు

పోయిన సమావేశాల్లో మా ఎమ్మెల్యే శాసనసభలో మా మండల ఆరోగ్య కేంద్రం గురించి ప్రశ్న వేశారు. మా మండలం పేరు సభలో వినబడటం నా ఎరుకలో ఇదే మొదటిసారి. ప్రశ్న, జవాబు అచ్చయిన కాగితం సంపాదించాను. మండలం పేరు తీసేసి ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

ప్రశ్న: (ఎ) సదరు ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి, స్టాఫ్ నర్సు పోస్టులు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా? (బి) అయినచో, వాటిని ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?

జవాబు: (ఎ) కాదండి. (బి) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంతే. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

అదే వారం మా అమ్మకు జ్వరం వస్తే అక్కడికే తీసుకువెళ్లాను. డాక్టరు గది తలుపు తీసే ఉంది. బల్ల మీద బీపీ చూసే మిషన్ ఉంది, దాని రబ్బరు గొట్టం మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము ఉంది. గోడకు సిబ్బంది పేర్ల బోర్డు, అందులో డాక్టరు పేరు అందరికంటే పైన. ఫార్మసిస్టు గారే అమ్మ చెయ్యి పట్టుకుని చూసి మాత్రలు ఇచ్చారు. పాపం మంచి మనిషి, ‘మూడు రోజుల్లో తగ్గకపోతే వరంగల్ తీసుకువెళ్లండి’ అన్నారు. డాక్టరు గారు ఎప్పుడు వస్తారని అడిగితే నేల చూపులు చూశారు.

నా ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. సభలో చెప్పిన జవాబు అబద్ధమా? లేక నా కళ్లు అబద్ధమా?

ఓరుగల్లు_కోట

మీ ఎమ్మెల్యే అడిగారు, అదే గొప్ప. మా దగ్గర ఆ మాత్రం అడిగే వాళ్లు కూడా లేరు.

పరకాల_పత్తి

అడిగి ఏం లాభం అన్నా, ‘కాదండి’ అనే ఒక్క మాటతో పోయింది కదా.

పాత_సెక్షన్

ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా కార్యాలయంలో పనిచేసి సూపరింటెండెంట్‌గా దిగిపోయాను. ఇలాంటి జవాబులు తయారు చేసిన చేతులు నావి కూడా. అందుకని చెబుతున్నాను, మీ కళ్లూ నిజమే, ఆ జవాబూ నిజమే. అసలు బాధ అక్కడే ఉంది.

‘ఎల్‌ఏక్యూ వచ్చింది’ అంటే, అదే శాసనసభ ప్రశ్న వచ్చిందంటే, కార్యాలయంలో మిగతా ఫైళ్లన్నీ పక్కకు వెళ్లిపోతాయి. సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. చాలాసార్లు ‘సాయంత్రంలోగా పంపండి’ అనే మాటతో దిగుతుంది. మేము తెరిచేది పోస్టుల రిజిస్టరు. అందులో మూడు గడులు ఉంటాయి: మంజూరు, భర్తీ, ఖాళీ. మీ డాక్టరు గారి జీతం ఆ కేంద్రం పద్దు మీదే వెళుతుంటే ఆయన ‘భర్తీ’ గడిలో ఉంటారు. ఆయన డిప్యుటేషన్ (తాత్కాలిక సర్దుబాటు) మీద ఇంకెక్కడో పనిచేస్తున్నా ‘ఖాళీ’ గడిలో సున్నాయే పడుతుంది. ‘డిప్యుటేషన్’ అనే నాలుగో గడి ఆ పట్టికలో ఉండదు. అడిగితేనే గీస్తాం. అడగలేదు కాబట్టి గీయలేదు.

మీ ఎమ్మెల్యే ‘పోస్టు ఖాళీగా ఉందా’ అని అడిగారు. లేదు. ‘డాక్టరు ఆ కేంద్రంలో కూర్చుంటున్నారా’ అని అడిగి ఉంటే ఆ సాయంత్రం మా సెక్షన్‌లో చెమటలు పట్టేవి.

పాకాల_నీళ్లు

సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అంటే పోస్టు నిండి ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. ఇంత చిన్న తేడా ఎమ్మెల్యే గారికి ఎవరూ చెప్పలేదా?

పాత_సెక్షన్

చెప్పవలసిన వాళ్లు మీరే నాయనా. ఆయన పక్కన ఉండేవారికి ఊరు తెలుసు, రిజిస్టరు తెలియదు. మా బోటి వాళ్లకు రిజిస్టరు తెలుసు, నోరు విప్పే వీలు లేదు.

గ్రూప్స్_గది_నంబరు_3

మీరంతా డిప్యుటేషన్ల చుట్టూ తిరుగుతున్నారు. అసలు మనుషులను తీసుకోకపోవడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2020 డిసెంబరులో బిస్వాల్ వేతన సవరణ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. రాష్ట్రంలో మంజూరైన పోస్టులు 4,91,304, అందులో ఖాళీలు 1,91,126. పది కుర్చీలకు దాదాపు నాలుగు ఖాళీ. 2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి సభలో లేచి 80,039 పోస్టులకు నేరుగా నియామకాలు చేస్తామని ప్రకటించారు. ఆ రోజు హనుమకొండలో మా గదిలో ఆరుగురం, ఒకే ఫోను చుట్టూ చేరి విన్నాం. 2023లో పేపరు లీకయి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. ఆ ఆరుగురిలో ఇద్దరం ఇంకా ఆ గదిలోనే ఉన్నాం.

ఖాళీలు అన్ని ఉన్నాయని ఒక ప్రభుత్వ నివేదికే చెబితే, సభలో ఆ సంఖ్య సగం కంటే తక్కువగా ఎలా మారింది?

పాత_సెక్షన్

తమ్ముడూ, మళ్లీ గడుల సంగతే. ఆ రోజు ప్రకటనలో మొత్తం 91,142 అన్నారు, అందులో 11,103 కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు తీసేసి మిగిలిన 80,039 నేరుగా నింపుతామన్నారు. వేతన సంఘం లెక్కించింది మంజూరైన ప్రతి పోస్టునూ. సభలో చెప్పింది నింపదలచుకున్న పోస్టులను. ఈ రెండింటి మధ్య తేడా గురించి పట్టుబట్టి అడగవలసింది సభ్యులే.

గ్రూప్స్_గది_నంబరు_3

మీరు చెబితే అర్థమవుతోంది సార్, కానీ కోపం తగ్గడం లేదు.

మానుకోట_మాస్టారు

కోపం ఎందుకు తగ్గాలి? పట్టుకునే ఉండు.

పోస్టు ఒకచోట, మనిషి ఒకచోట అనే మాటకు నా జీవితమే సాక్ష్యం. 2016లో పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలయింది, 2019లో ములుగుతో ఆరు. కొత్త జిల్లాకు కలెక్టరేటు వచ్చింది, బోర్డులు వచ్చాయి, సిబ్బంది మాత్రం ఉన్నవాళ్లనే సర్దారు. 2021 డిసెంబరులో 317 జీవో వచ్చి సీనియారిటీ ప్రకారం ఎవరు ఏ జిల్లా అని పంచారు. నేను పుట్టిన ఊరు, చదివిన ఊరు, పనిచేసిన ఊరు ఒక జిల్లాలో ఉంటే నన్ను ఇంకో జిల్లాకు పంపారు. నా భార్య కూడా టీచరే, ఆమె ఇక్కడే ఉండిపోయింది. లెక్కల్లో రెండు జిల్లాలూ నిండాయి. మా ఇల్లు మాత్రం సగం ఖాళీ అయింది.

కాజీపేట_జంక్షన్

మాస్టారూ, మీ బాధ కాదనను. కానీ 317 లేకపోతే ఏజెన్సీ జిల్లాలకు ఎవరు వెళ్లేవారు? అందరికీ హనుమకొండే కావాలి. మా వీధిలోనే అద్దె ఇళ్లన్నీ పక్క జిల్లాల్లో పనిచేసే ఉద్యోగులవే. పొద్దున ఏడింటి బస్సుకు వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేస్తారు.

మానుకోట_మాస్టారు

ఏజెన్సీకి పంపవద్దని నేను అనలేదు. స్థానికత చూడకుండా పంపారని అన్నాను. రెండూ వేరు. సీనియారిటీ అనే ఒక్క పట్టికతో తేల్చినప్పుడు అందులో మనిషి కనబడడు.

మేడారం_తోవ

ఏజెన్సీ పేరు తీశారు కాబట్టి చెబుతున్నాను. మాది ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 ఉండేది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత మా పిల్లలకు మా భాష తెలిసిన మాస్టారు వస్తారా రారా అన్నదే మా ఊళ్లలో పెద్ద భయం. బయటివారు వస్తే బదిలీ ఎప్పుడా అని రోజులు లెక్కపెడతారు. వారిని తప్పు పట్టను, వానాకాలం వాగు దాటడం మాకే కష్టం. కానీ సభలో ఎవరైనా మా బడి గురించి అడిగితే ‘ఉపాధ్యాయుడు ఉన్నారా’ అని మాత్రమే అడగవద్దు. ‘ఎన్నాళ్లు ఉన్నారు’ అని అడగండి. ఒక్క సంవత్సరంలో ముగ్గురు మారినా కాగితం మీద ఖాళీ లేనట్టే.

పాకాల_నీళ్లు

ఇది రాసిపెట్టుకుంటున్నాను అన్నా. ‘ఎన్నాళ్లు.’

బర్రెల_కొట్టం

మనుషుల సంగతి అయింది, పశువుల సంగతి నేను చెబుతాను. పోయిన వానాకాలం మా బర్రెకు ఈనే నొప్పులు వచ్చాయి. దూడ ముందరి కాలు ఒక్కటే బయటికి వచ్చి ఆగిపోయింది. రాత్రి పదకొండు. మా పశువైద్యుడికి మూడు మండలాలు, సొంతది ఒకటి, ఇన్‌చార్జివి రెండు. ఆయన అప్పుడు మూడో మండలంలో ఇంకో ఆవు దగ్గర ఉన్నారు. ఫోను తీశారు, అది ఆయన గొప్పదనం. ‘చేతికి సబ్బు నురగ బాగా పట్టించు, రెండో కాలు లోపల మడతపడి ఉంటుంది, మోకాలు దొరుకుతుందేమో చూడు, గుంజవద్దు’ అని ఆయన చెబుతూ ఉన్నారు. మా ఆవిడ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో టార్చిలైటు పట్టుకుంది. నా చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. కాలు దొరికింది, సర్దాను. కానీ అప్పటికే ఆలస్యమయింది, దూడ బతకలేదు. బర్రె బతికింది.

పొద్దున ఎనిమిదింటికి ఆయన బండి మీద వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బర్రెకు ఇంజెక్షన్ వేసి, దూడను చూసి, ఏమీ మాట్లాడకుండా నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక మనిషికి మూడు మండలాలు ఇచ్చి ‘ఇన్‌చార్జి ఏర్పాటు ఉంది’ అని రాసేవారి మీదే నా ఫిర్యాదు.

ఓరుగల్లు_కోట

చదువుతుంటే గుండె బరువెక్కింది అన్నా.

పరకాల_పత్తి

వ్యవసాయ శాఖలో కూడా ఇంతే. ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) అన్నారు, రైతు వేదికలు కట్టారు. మంచి ఆలోచనే. మా ఏఈఓ అమ్మాయి చురుకైనదే. కానీ పక్క క్లస్టర్ ఖాళీ అయితే అదీ ఆమెకే, సర్వేలు ఆమెకే, ఏ పథకం వచ్చినా జాబితా ఆమెకే. పత్తికి గులాబీ పురుగు పట్టిందని పిలిస్తే ఆమె వచ్చేసరికి కాయ లోపల పని అయిపోయింది.

ల్యాండ్_లైన్

పోస్టు ఖాళీ లేదని చెప్పడానికి ఇంకో దారి కూడా ఉంది, పోస్టునే తీసేయడం. 2020లో వీఆర్‌ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేశారు. మర్నాటి నుంచి వీఆర్‌ఓ ఖాళీలు రాష్ట్రంలో ఒక్కటీ లేవు! పహాణీ గురించి, గట్టు తగాదా గురించి అడగడానికి ఊళ్లో మనిషీ లేడు. మళ్లీ 2025లో గ్రామ పాలన అధికారులంటూ నియమించారు. మధ్యలో ఐదేళ్లు రైతులు తహసీలు కార్యాలయం మెట్ల మీదే కూర్చున్నారు.

కాజీపేట_జంక్షన్

వీఆర్‌ఓలను తీసేసినప్పుడు ఊళ్లలో సంబరపడినవారూ ఉన్నారు, అది మరవవద్దు. లంచాలతో విసిగిపోయారు.

ల్యాండ్_లైన్

ఒప్పుకుంటాను. లంచం పోవాలని అడిగారు, మనిషి పోవాలని అడగలేదు.

రాత్రి_డ్యూటీ

ఇంతసేపు చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అని. మీరు మొదటి నుంచీ తిడుతున్న ఆ డిప్యుటేషన్ మనిషిని నేను. స్టాఫ్ నర్సును. నా పోస్టు ఒక పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో ఉంది. నేను పనిచేస్తున్నది పట్టణంలోని పెద్దాసుపత్రిలో.

నేను కోరి రాలేదు. పెద్దాసుపత్రిలో నర్సులు చాలక, చుట్టుపక్కల కేంద్రాల నుంచి మమ్మల్ని రప్పించారు. మూడు నెలలని చెప్పారు, రెండో సంవత్సరం నడుస్తోంది. రాత్రి డ్యూటీలో ప్రసూతి వార్డులో ఇద్దరం ఉంటాం. ఒకే సమయంలో రెండు కాన్పులు వస్తే మూడో మంచం మీద ఉన్న తల్లి పిలిచినా వెళ్లలేం. పొద్దున ఇంటికి వెళ్లాక కూడా ఆ పిలుపు చెవిలో ఉంటుంది. మా కేంద్రం నుంచి ఆశా కార్యకర్త ఫోను చేసి ‘అక్కా, నువ్వు ఎప్పుడు వస్తావు, ఇక్కడ కాన్పులు ఆగిపోయాయి’ అంటుంది. అక్కడి నుంచి కాన్పులన్నీ నేనున్న వార్డుకే పంపుతున్నారు. అంటే అక్కడ నేను లేకపోవడం వల్లనే ఇక్కడ రద్దీ పెరుగుతోంది. ఇది పైవాళ్లకు ఎవరైనా చెప్పండి.

డాక్టరు గారు ఎందుకు రావడం లేదో కూడా అడగండి. మా కేంద్రం వెనుక క్వార్టర్లు ఉన్నాయి, పైకప్పు కురుస్తుంది, తలుపులు చెదలు తిన్నాయి. అక్కడ ఒంటరిగా ఒక ఆడ డాక్టరు ఎలా ఉంటుంది?

పాకాల_నీళ్లు

అక్కా, క్షమించండి. నేను డాక్టరు గారిని మనసులో చాలా మాటలు అన్నాను. ఆయన కూడా ఇలాగే ఎక్కడో వార్డులో నిలబడి ఉండవచ్చని నాకు తట్టలేదు.

రాత్రి_డ్యూటీ

క్షమాపణ ఎందుకు తమ్ముడూ. అమ్మగారికి జ్వరం తగ్గిందా?

పాకాల_నీళ్లు

తగ్గింది అక్కా. టైఫాయిడ్ అన్నారు, వరంగల్‌లో బయట పరీక్ష చేయించాం.

కోర్టు_చెట్టు_కింద

వృత్తి రీత్యా న్యాయవాదిని. సభా నియమాలు కొంత తెలుసు. ఇక పని మాట మాట్లాడుదాం.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్నలు ఉండవు. మీ ఎమ్మెల్యేది నక్షత్ర గుర్తు ప్రశ్నే అయితే ‘కాదండి’ అన్న తర్వాత ఆయనకు లేచి అడిగే హక్కు ఉంది. ‘ఆ వైద్యాధికారి నేడు ఏ ఆసుపత్రిలో విధుల్లో ఉన్నారు’ అనే ఒక్క మాట చాలు. అసలు బలం అనుబంధ ప్రశ్నలోనే ఉంటుంది. దానికి ఊరి నుంచి సమాచారం అందాలి.

రెండోది, మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘భర్తీ చేస్తాం’ అంటే అక్కడితో వదలకూడదు. సభలో ఇచ్చిన మాట అమలయిందా లేదా చూడటానికే ప్రభుత్వ హామీల కమిటీ ఉంటుంది. లోక్‌సభలో అయితే హామీ నెరవేర్చడానికి మూడు నెలల గడువు. మన జనం ఆ కమిటీ పేరే వినరు.

మూడోది, మీ దగ్గర ఆధారం ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. గత పన్నెండు నెలల హాజరు పట్టిక, డిప్యుటేషన్ ఉత్తర్వుల నకళ్లు అడగండి. ‘ఎందుకు రావడం లేదు’ అని అడగవద్దు. కాగితం అడగండి, కారణం అడిగితే తిప్పి పంపుతారు.

పరకాల_పత్తి

ఇంత చేసినా ఎమ్మెల్యే అధికార పక్షం అయితే గట్టిగా అడగరు, ప్రతిపక్షం అయితే మంత్రి వినరు. నేను నలభై ఏళ్లుగా చూస్తున్నాను.

కోర్టు_చెట్టు_కింద

శాసనమండలి కూడా ఉంది కదా. వరంగల్, ఖమ్మం, నల్లగొండకు పట్టభద్రుల స్థానం ఒకటి, ఉపాధ్యాయుల స్థానం ఒకటి. ఆ ఇద్దరినీ మనలాంటి వాళ్లే ఎన్నుకుంటున్నారు. ఒకరు అడగకపోతే ఇంకొకరి దగ్గరకు వెళదాం.

హన్మకొండ_పెద్దాయన

పిల్లలకు ఒక మాట గుర్తు చేస్తాను. నియామకాల గురించి ఈ రాష్ట్రంలో తొలి పెద్ద ఆందోళన పుట్టింది మన వరంగల్‌లోనే. 1952లో స్థానికేతరులను టీచర్లుగా తీసుకున్నారని ఇక్కడి విద్యార్థులు రోడ్డెక్కారు, అది ముల్కీ (స్థానికుల) ఉద్యమమై హైదరాబాద్ పాకింది, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా వెళ్లింది. తర్వాత 1985లో స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 610 జీవో, 2001లో దాని అమలు చూడటానికి గిర్‌గ్లానీ కమిషన్. ఆ రోజుల్లో మేము ‘ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు’ అని అడిగాం. రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు మీరు ‘ఆ కుర్చీలో ఎవరైనా కూర్చున్నారా’ అని అడుగుతున్నారు. నాకు ఎనభై దాటాయి, ఈ ప్రశ్న వినవలసి వస్తుందని అనుకోలేదు.

గ్రూప్స్_గది_నంబరు_3

పెద్దాయనా, ఈ మాట మా గది గోడ మీద రాసుకుంటాను.

పాకాల_నీళ్లు

అందరి మాటలూ కలిపి ప్రశ్న మళ్లీ రాశాను. పాత_సెక్షన్ సార్, తప్పులు దిద్దండి.

(ఎ) సదరు ఆరోగ్య కేంద్రం నుంచి జీతం పొందుతున్న వైద్యాధికారులు, స్టాఫ్ నర్సులు ఎందరు. వారిలో నేడు అదే కేంద్రంలో విధులు నిర్వహిస్తున్నవారు ఎందరు?
(బి) ఇతర ఆసుపత్రులలో డిప్యుటేషన్‌పై ఉన్నవారు ఎందరు, ఏ తేదీ నుంచి, ఎవరి ఉత్తర్వుపై?
(సి) గత మూడు సంవత్సరాలలో ఆ కేంద్రంలో ఒక్కొక్క వైద్యాధికారి ఎన్ని రోజులు పనిచేశారు?
(డి) వారిని తిరిగి ఎప్పటిలోగా పంపుతారు?

పాత_సెక్షన్

బాగుంది. (డి)లో ‘ఎప్పటిలోగా’ అంటే ‘త్వరలో’ అని రాసి పంపుతాం, నేనే ఎన్నిసార్లు రాశానో. ‘ఏ తేదీలోగా’ అని మార్చు. (ఎ)లో ‘నేడు’ తీసేసి ఒక తేదీ వెయ్యి, లేకపోతే జవాబు ఇచ్చే రోజున మాత్రం తీసుకువచ్చి కూర్చోబెడతారు. ఇన్‌చార్జి బాధ్యతల సంగతి కూడా చేర్చు, ఆ పశువైద్యుడి కోసం అదే పద్ధతిలో వేరే ప్రశ్న పశుసంవర్ధక శాఖకు వెళ్లాలి. రెండు శాఖలను ఒక ప్రశ్నలో కలిపితే తిప్పి పంపుతారు.

రాత్రి_డ్యూటీ

నాదొక గీత చేర్చండి. (ఇ) డిప్యుటేషన్‌పై సిబ్బందిని రప్పించుకున్న పెద్దాసుపత్రిలో మంజూరైన నర్సు పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని? అది నింపకుండా మమ్మల్ని వెనక్కి పంపితే ఆ వార్డులో ఒక్కతే మిగులుతుంది.

పాకాల_నీళ్లు

చేర్చాను అక్కా. క్వార్టర్ల మరమ్మతు (ఎఫ్) అని పెట్టాను. సోమవారం ఎమ్మెల్యే గారు క్యాంపు కార్యాలయంలో ఉంటారట. సమాచార హక్కు దరఖాస్తుకు పోస్టల్ ఆర్డరు కూడా ఈ రోజే తీసుకున్నాను.

బర్రెల_కొట్టం

సోమవారం నేనూ వస్తాను. పశువుల ప్రశ్న నా చేతి రాతతో రాసి తెస్తాను, ఎన్నింటికి బయలుదేరాలో చెప్పు తమ్ముడూ.

పాకాల_నీళ్లు

ఏడింటి బస్సు అన్నా. పాలు పోసి వచ్చేయండి, చౌరస్తాలో నిలబడి ఉంటాను.